పాట, బాట, మాట: టీవీలో పెదవికీ శబ్దానికీ పొత్తు కుదర్చడం

ఈసారి వ్యాకరణం లేదు. టీవీ గురించి రాస్తున్నాను. మన తెలుగు చదువుకి దీనితో సంబంధం ఉంది.

ప, బ, భ, మ అనాలంటే రెండు పెదవులూ కలవాలి. పుస్తకాల్లో వీటిని ఓష్ఠ్యాలు అంటారు. ఓష్ఠం అంటే పెదవి. "అమ్మ" అన్నప్పుడు పెదవులు మూసుకుని కాస్త ఆగుతాయి. "ఆమె" అన్నప్పుడు అంతసేపు ఆగవు. నాలాగా ఇంగ్లీషు మీడియంలో చదివి, తెలుగు ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళకి ఈ ఒత్తు చెవి కంటే ముందు కంటికి దొరుకుతుంది. టీవీలో బొమ్మా మాటా విడిపోతే ఆ సాయం పోతుంది.

ఇది నాకు బాగా తెలిసింది ఒక పెద్దావిడ వల్ల. ఆవిడ ఇక్కడ నేపర్‌విల్‌లో కొడుకు దగ్గర ఉంటారు. గుడిలో మేమిద్దరం ప్రసాదం పొట్లాలు కడతాం. ఒక ఆదివారం ఆవిడ, "నా చెవులు బొత్తిగా పోయాయి నాయనా. వార్తలు కూడా తెలియట్లేదు. టీవీ చూడడం మానేశాను" అన్నారు. కానీ పొట్లాలు కడుతూ నాతో మాట్లాడుతున్నప్పుడు ఆవిడకి అన్నీ వినపడుతున్నాయి! "పిన్నిగారూ, ఒకసారి మీ టీవీ చూస్తాను" అన్నాను.

వాళ్ళింట్లో కొత్త సౌండ్‌బార్ ఉంది. టీవీకి బ్లూటూత్‌తో కలిపారు. వార్తలు చదివే అమ్మాయి నోరు మూశాక మాట వస్తోంది. వినికిడి తగ్గినవాళ్ళు తమకి తెలియకుండానే పెదవులు చూసి అర్థం చేసుకుంటారు. ఇక్కడ ఆ పెదవులే ఆవిడని తికమక పెడుతున్నాయి.

ఇలా ఎందుకు జరుగుతుంది? బ్లూటూత్ శబ్దాన్ని కుదించి పంపుతుంది, సౌండ్‌బార్ దాన్ని మళ్ళీ విప్పుతుంది. ఈ పనికి సమయం పడుతుంది, మాట వెనకబడుతుంది. దీనికి తలకిందులు కూడా జరుగుతుంది. టీవీ బొమ్మకి మెరుగులు దిద్దుతూ ఉండగా శబ్దం ముందే వెళ్ళిపోతుంది. అప్పుడు మాట ముందు, పెదవి వెనక.

ఎంత తేడా ఉంటే మనకి తెలుస్తుంది? అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ఇచ్చిన సిఫార్సులో లెక్క ఉంది. మాట సుమారు 45 మిల్లీసెకండ్లు ముందు వస్తే గుర్తుపడతాం. వెనక వస్తే మాత్రం సుమారు 125 దాకా గుర్తుపట్టం. ప్రకృతిలో కూడా వెలుగు ముందు, శబ్దం తర్వాత. వేసవిలో మన ఊళ్ళో మెరుపు మెరిశాక ఉరుము కోసం లెక్కపెడతాం కదా, మైలుకి దాదాపు 5 సెకండ్లు.

సరిచేసే ముందు పరీక్ష చెయ్యాలి. దానికి డబ్బింగ్ సినిమా పనికిరాదు. అందులో నటుడి పెదవులు వేరే భాష పలికాయి. డబ్బింగ్ మాటలు రాసేవాళ్ళు ప, బ, మ వచ్చేచోట అలాంటి అక్షరమే పడేలా చూస్తారు, అయినా అన్నిచోట్లా కుదరదు. నేరు తెలుగు సినిమాల్లో కూడా చాలాసార్లు గొంతు తర్వాత స్టూడియోలో కలుపుతారు. అందుకని వార్తలు చదివే మనిషిని చూడండి. లేకపోతే ఫోన్‌లో ఎవరైనా చప్పట్లు కొడుతుండగా వీడియో తీసి టీవీలో వెయ్యండి. షూటింగ్‌లో క్లాప్ కొట్టేది కూడా శబ్దాన్నీ బొమ్మనీ కలపడానికే.

వాళ్ళింట్లో మేము చేసింది ఇది. బ్లూటూత్ ఆపేశాం. హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక కొసని టీవీ వెనక ఏఆర్‌సీ అని రాసి ఉన్నచోట, రెండో కొసని సౌండ్‌బార్‌కి పెట్టాం. ఇప్పుడు మాట కొంచెం ముందు రావడం మొదలైంది. సెట్టింగ్స్‌లో ఆడియో డిలే తెరిచి 10 చొప్పున పెంచాం. 60 దగ్గర పెదవీ మాటా కలిశాయి. ప్రతి టీవీకీ ఈ అంకె వేరుగా ఉంటుంది.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ఈ డిలే మామూలుగా మాటని వెనక్కే జరుపుతుంది, ముందుకి తేలేదు. మాట ముందే వెనకబడి ఉంటే డిలే 0 చెయ్యండి, కేబుల్ వాడండి, టీవీ శబ్దాన్ని పీసీఎంకి మార్చి చూడండి. ఒక్క యాప్‌లోనో ఒక్క లైవ్ ప్రసారంలోనో తేడా ఉంటే లోపం అక్కడే. మీ టీవీని కదపకండి.

పిన్నిగారు పది నిమిషాలు వార్తలు చూశారు. తర్వాత, "ఈ అమ్మాయి ళ సరిగ్గా పలకట్లేదు" అన్నారు. నాకు చాలా సంతోషం వేసింది.

ఇక మీకు అభ్యాసం. అద్దం ముందు గొంతు లేకుండా పాట, బాట, మాట అనండి. మూడింటికీ పెదవులు ఒకేలా కదులుతాయి. పెదవులు కలిశాయని కన్ను చెబుతుంది. ఏ అక్షరమో చెవి చెబుతుంది. రెండూ ఒకేసారి అందితేనే మనకి మాట దొరుకుతుంది. ఇవాళ టీవీలో ఐదు నిమిషాలు వార్తలు చూసి, ఇలాంటి మాటలు మీకు ఎన్ని దొరికాయో రాసుకోండి.