నాష్‌విల్‌లో నిండుగా నిలిచిన పార్థినాన్

గ్రీకు గుడి చూడాలంటే ఏథెన్సే వెళ్ళాలా? అమెరికాలో ఉన్న మనవాళ్ళెవరైనా అలా అడిగితే నేను టెన్నెసీలోని నాష్‌విల్ పేరు చెబుతాను. పాటల ఊరని పేరుపడ్డ ఆ ఊళ్ళో, సెంటెనియల్ పార్కులో ఒక పార్థినాన్ ఉంది. చిన్న నమూనా అనుకునేరు! కొలతల్లో ఏథెన్స్‌లోని అసలు గుడి ఎంతో ఇదీ అంతే.

టెన్నెసీ రాష్ట్రమై నూరేళ్ళు నిండాయని 1897లో అక్కడ పెద్ద ఎగ్జిబిషన్ పెట్టారు. దక్షిణాది ఏథెన్స్ అని ఊరికి పేరుంది కదా, అందుకు తగ్గట్టు ఇటుక, కర్ర, ప్లాస్టర్‌తో ఈ గుడి కట్టారు. తిరునాళ్ళు అయ్యాక పడగొట్టడానికి జనానికి మనసొప్పలేదు. 1920లో మొదలుపెట్టి 1931 కల్లా కాంక్రీటుతో మళ్ళీ కట్టుకున్నారు. ఆ ప్రేమ నాకు భలే నచ్చుతుంది.

సరే, లోపలికి రండి. దాదాపు 42 అడుగుల ఎథీనా దేవి నిలబడి ఉంటుంది. కుడి అరచేతిలో ఆరడుగుల పైచిలుకు విజయదేవత నైకీ. ఎడమ పక్కన డాలు, దాని వెనక పెద్ద పాము. ఎలన్ లెక్వైర్ అనే శిల్పి ఎనిమిదేళ్ళు శ్రమించి 1990లో పూర్తిచేశాడు, 2002లో బంగారు రేకు తొడిగారు. గ్రీకు శిల్పమంటే తెల్లటి పాలరాయే అనుకునేవాళ్ళు ఆ రంగులూ, ఆ పసిడీ చూసి తెల్లబోతారు. మనకేం వింత! అలంకారం లేని అమ్మవారిని మనమెప్పుడు చూశాం గనక?

క్రీస్తుపూర్వం 438లో ఫిడియాస్ నిలిపిన అసలు విగ్రహం ఏనాడో మాయమైంది. పాసేనియస్ అనే పాత యాత్రికుడి వర్ణన, పూర్వులు చేసుకున్న చిన్న ప్రతిమలు, వీటి ఆధారంగానే లెక్వైర్ పని చేశాడు. ఏథెన్స్ గుడి సంగతా? 1687లో తుర్కులు లోపల దాచిన తుపాకిమందు మీద వెనిస్ సేనల గుండు పడి పేలిపోయింది. మిగిలిన శిల్పాల్లో చాలావాటిని ఎల్గిన్ అనే బ్రిటిష్ ప్రభువు లండన్ చేర్చాడు.

ఇది వింటుంటే మీకూ అమరావతి బౌద్ధ స్తూపం మెదలటంలేదూ? 1845లో వాల్టర్ ఎలియట్ అనే బ్రిటిష్ అధికారి అక్కడ తవ్వించాడు. ఆ స్తూపం పలకలు ఇప్పుడు కొన్ని లండన్‌లో, కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, కొన్ని ఊళ్ళో. అక్కడికి వెళ్ళినవాళ్ళకు కనిపించేది పచ్చికెక్కిన దిబ్బ. దాదాపు 50 మీటర్ల అడ్డకొలతతో వెలిగిన మహాచైత్యం ఎలా ఉండేదో పిల్లలకెలా చెప్పడం? నాష్‌విల్ వాళ్ళు చేసిన పని మనమూ చేయాలి. కృష్ణ ఒడ్డునే, పాత దిబ్బను ముట్టకుండా కాస్త ఎడంగా, పూర్తి కొలతతో ఒక స్తూపం కట్టాలి. ఆధారాలకు లోటేమీ లేదు. మన శిల్పులు ఆ పలకల మీద స్తూపాన్నే చెక్కిపెట్టారు: గోపురంలాంటి అండం, చుట్టూ ప్రాకారం, వాకిళ్ళలో సింహాలు, వాకిళ్ళకెదురుగా నిలిచే ఆయక స్తంభాలు, పైన ఎగురుతున్న గంధర్వులతో సహా.