గడ్డి కోసిన సాయంత్రం

మా తమ్ముడు పోయిన ఎనిమిదో నెలలో, విద్యార్థులకు చూపించడం కోసం ‘దెర్సు ఉజాలా’ చిత్రాన్ని మళ్ళీ చూశాను. 1975లో మాస్‌ఫిల్మ్ కోసం కురొసావా సోవియట్ దేశంలో తీసిన చిత్రమిది. అంతకు నాలుగేళ్ళ ముందు, 1971 డిసెంబరులో, ఆయన ఆత్మహత్యకు ప్రయత్నించాడు. ఈ సంగతి నాకు ఇదివరకే తెలుసు. తెలిసినా పట్టలేదు.

దెర్సు ఉస్సూరి అడవుల్లో తిరిగే నానై జాతి వేటగాడు. భార్యాబిడ్డలు మశూచితో పోయారు. చలిమంట దగ్గర ఆ మాట చెబుతాడు, సానుభూతి కోరడు. ఆ పైన అతని దుఃఖాన్ని అతను చేసే పనుల్లో వెతుక్కోవాలి. దారిలో ఎవరూలేని గుడిసె కనిపిస్తే కప్పు బాగుచేసి, కాసిన్ని బియ్యం, ఉప్పు, అగ్గిపుల్లలు అడిగి అక్కడ పెట్టిస్తాడు. తాను తిరిగి రాడు. ఎవరో వస్తారు, అంతే. ఖాంకా సరస్సు మీద చీకటి పడబోతూ మంచుగాలి లేచినప్పుడు, కాపిటాన్ అర్సేన్యెవ్‌ను గడ్డి కోయమంటాడు. ఆ కోత చాలాసేపు సాగుతుంది. ధైర్యవచనాలు లేవు. అర్సేన్యెవ్ సొమ్మసిల్లి పడిపోతాడు. సర్వే పరికరపు మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి, దాని మీద గడ్డి కప్పి, దెర్సు ఇద్దరినీ బతికిస్తాడు.

దీన్ని అజేయమైన మానవసంకల్పం అనేవాళ్ళున్నారు. నాకా మాట నచ్చదు. దెర్సుకి పని తెలుసు, పక్కన మనిషి ఉన్నాడు. నాకు కనిపించింది ఇంతే.

చిత్రంలో లోపం లేకపోలేదు. అర్సేన్యెవ్ జారు సైన్యాధికారి, పటాలు గీయడానికి వచ్చినవాడు. పటాల వెనకే గొడ్డళ్ళు వచ్చాయి. 1910లో అతను దెర్సు సమాధిని వెతుక్కుంటూ వచ్చేసరికి చెట్లు కొట్టి ఊరు కడుతున్నారు. తానిచ్చిన కొత్త తుపాకీ కోసమే దెర్సుని చంపి ఉంటారు. కురొసావా ఇదంతా చూపిస్తాడు గాని కాపిటాన్‌ని నిలదీయడు. మా విద్యార్థి ఒకడు ఇదే అడిగాడు. అడగవలసిన ప్రశ్నే.

మా ఊళ్ళో తమ్ముడు సగం కప్పి వదిలిన పశువుల పాక ఉంది. వానలు వచ్చేలోగా పూర్తిచెయ్యమని అమ్మ ఎన్నోసార్లు అంది. కొడుకు పోయిన ఇంట్లో పాక గొడవేమిటని నేను విసుక్కునేవాణ్ణి. ఆమె జవాబు చెప్పేది కాదు, గేదెల వంక చూసేది. చిత్రం చూసిన ఆదివారం వెళ్ళి తాటాకు కప్పాను. నాకా పని రాదు. మొదటి వానకే రెండుచోట్ల కారింది. మళ్ళీ నిచ్చెన వేసుకుని ఎక్కాను. అమ్మ తిట్టింది. తమ్ముడైతే ఆకు ఎలా పేర్చేవాడో కింద నిలబడి చెప్పింది. ఇన్ని నెలల్లో ఆమె వాడి పేరు ఎత్తడం అదే మొదలు.