ఒక మామూలు సినిమా బతికి రావడం

'బియాండ్ ద రాక్స్' 1922 నాటి మూకీ సినిమా. దర్శకుడు శామ్ వుడ్. గ్లోరియా స్వాన్సన్, రుడాల్ఫ్ వాలెంటినో జంటగా నటించిన ఒకే ఒక్క సినిమా ఇది. కొద్ది సేపు నడిచే ముక్క తప్ప మిగతాదంతా పోయిందనే దశాబ్దాల పాటు అందరూ అనుకున్నారు. అలాంటిది పూర్తి సినిమా దొరికింది, 2006లో మైల్‌స్టోన్ వాళ్ళు డీవీడీ తెచ్చారు. ఆ డిస్కు చూడటం అయిపోయాక నాకు మొదట తట్టిన మాట: "ఇంతేనా?"

కథ చెప్తాను, మీరే చూడండి. థియొడోరా కుటుంబం కోసం వయసు మళ్ళిన కోటీశ్వరుడు జోసయా బ్రౌన్‌ని పెళ్ళి చేసుకుంటుంది. పెళ్ళికి ముందే ఒకసారి పడవలోంచి నీళ్ళలో పడితే హెక్టర్ అనే అందమైన ప్రభువు కాపాడి ఉంటాడు. హనీమూన్‌లో ఆల్ప్స్ కొండ మీంచి జారుతుంది. మళ్ళీ ఆ హెక్టరే కాపాడతాడు. ప్రేమ పుడుతుంది. ఆమె భర్తకొక ఉత్తరం, హెక్టర్‌కొక ఉత్తరం రాస్తే, అసూయపడే మరో అమ్మాయి రెండూ తారుమారు చేస్తుంది. నిజం తెలిసిన భర్త దూరదేశానికి యాత్ర వెళ్ళి, దొంగల దాడిలో చనిపోతాడు. అడ్డు తొలగింది, శుభం కార్డు. ఎలినార్ గ్లిన్ 1906లో రాసిన నవల దీనికి ఆధారం. మన వారపత్రికల సీరియళ్ళు చదివినవాళ్ళకి ఇందులో కొత్తగా అనిపించేదేమీ ఉండదు.

మరి ఎందుకంత హడావిడి? పోయింది దొరికింది కాబట్టేనా? కొంత అదే. కానీ నాకు అసలు విషయం వేరే ఉందనిపిస్తోంది. ఇది గొప్ప సినిమా కాకపోవడమే దీని గొప్పతనం.

ముందు ఇది ఎలా బతికిందో చూద్దాం. నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ అనే ఊళ్ళో రీళ్ళు పోగేసుకునే ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన పోయాక, ఆ సేకరణ ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఫిల్మ్ మ్యూజియంకి చేరింది. దాదాపు 2,000 తుప్పు పట్టిన డబ్బాలు. మ్యూజియం వాళ్ళు ఒక్కో డబ్బా తెరిచి చూస్తూ పోతుంటే, ఈ సినిమా రీళ్ళు వేర్వేరు డబ్బాల్లో, వేర్వేరు సమయాల్లో బయటపడ్డాయి. రిపేరు చేసి 2005లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రదర్శించారు. దొరికింది డచ్ ప్రింటు, టైటిల్ కార్డులన్నీ డచ్‌లోనే. ఇంగ్లీషు కార్డులు మళ్ళీ తయారు చేయాల్సి వచ్చింది.

అంటే మన చేతికొచ్చింది 1922లో అమెరికా ప్రేక్షకులు చూసిన సినిమా అచ్చంగా కాదు. స్వాన్సన్ తన ఆత్మకథలో ఒక సంగతి చెప్పింది. ముద్దు పది అడుగుల ఫిల్ముకి మించకూడదని అప్పట్లో కొత్త నియమం వచ్చిందట. అందుకని ప్రతి ముద్దునీ రెండుసార్లు తీశారట, అమెరికాకొకటి, యూరప్‌కొకటి. ముప్పై అయిదు మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకి పదహారు ఫ్రేములు. పది అడుగులంటే నూట అరవై. సెకనుకి ఇరవై ఫ్రేముల లెక్కన ఎనిమిది సెకన్ల ప్రేమ! మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఒకే సినిమాకి రెండు బిల్డులు. మనకి మిగిలింది ఎగుమతి బిల్డు.

ఇది ఈ ఒక్క సినిమా సంగతి కాదు. అమెరికన్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ఒక అధ్యయనం వేసింది. అక్కడ తీసిన పెద్ద మూకీ సినిమాలు దాదాపు 11,000 అయితే, విడుదలైన రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతం. మరో 11 శాతం విదేశీ ప్రింట్లుగానో, చిన్న ఫార్మాట్లలోనో ఉన్నాయి. ఆ 11 శాతంలోదే మన సినిమా. అప్పట్లో ప్రింట్లు దేశాలు తిరిగి చివరి ఊరికి చేరేవి. ఆడటం అయిపోయాక వెనక్కి పంపాలంటే ఖర్చు. దాంతో చాలా ప్రింట్లు అక్కడే ఉండిపోయేవి. స్టూడియోకి అక్కర్లేకపోవడం వల్లే కొన్ని సినిమాలు బతికాయి. స్టూడియో గదుల్లో భద్రంగా ఉన్నవేమో తగలబడ్డాయి, లేదా వెండి కోసం కరిగించేశారు.

డిస్కులో కొన్నిచోట్ల బొమ్మ మీద నైట్రేట్ కుళ్ళిన మరకలు అలలు అలలుగా పాకుతాయి. బాగు చేయగలిగినంత చేసి, మిగతాది అలాగే ఉంచారు. ఆ మరకల వెనకాల స్వాన్సన్ మాత్రం ఏమీ జరగనట్టు తన పని తాను చేసుకుపోతుంటుంది. సినిమాలో నాకు బాగా గుర్తుండిపోయింది అదే. ఈ రెండో రాకడ ఆ ఇద్దరిలో ఎవరూ చూడలేదు. వాలెంటినో 1926లోనే పోయాడు, ముప్పై ఒక్క ఏళ్ళకి. స్వాన్సన్ 1983లో.

మళ్ళీ మామూలుతనం దగ్గరికొద్దాం. కళాఖండాలకి కాపలా ఉంటుంది. వాటి కోసం ఎవరో ఒకరు పోట్లాడతారు, డబ్బులు పోగు చేస్తారు. కానీ ఒక కాలం ఎలా ఉండేదో చెప్పేవి కళాఖండాలు కావు, శనివారం సాయంత్రం జనం ఊరికే వెళ్ళి చూసొచ్చిన సినిమాలు. ఏ గౌను వేసుకుంటే మురిసిపోయేవాళ్ళు, ఏ సీనుకి కళ్ళు తుడుచుకునేవాళ్ళు, భార్య వేరే వాణ్ణి ప్రేమిస్తే కథ ఎవర్ని చంపేది, ఇవన్నీ తెలిసేది వీటిలోనే. ఆర్కైవు సినిమాని బతికిస్తుంది, నిజమే. కానీ దాన్ని మళ్ళీ మామూలు మనుషుల చేతిలో పెట్టేది డిస్కే. రాత్రి పదకొండింటికి ఇంట్లో పెట్టుకుని, మధ్యలో ఆపి టీ పెట్టుకుని, "ఇంతేనా" అనుకోగలగాలి. ఆ స్వేచ్ఛ వచ్చినప్పుడే పోయిన సినిమా నిజంగా తిరిగొచ్చినట్టు. పైగా ఒక్క ప్రింటు ఉన్న సినిమాకి ఒక్క అగ్గిపుల్ల చాలు. వేల ఇళ్ళలో ఉన్న డిస్కుని అలా చంపలేం.

ఇటు చూస్తే దిగులేస్తుంది. రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ మద్రాసులో 1921 ప్రాంతంలో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' మనకి మిగల్లేదు. మూకీల సంగతి సరే, అదెప్పటి మాటో అనుకుందాం. నాకు భయం వేసేది తర్వాతి కాలం గురించి. 'మాయాబజార్'కి 2010లో రంగులు కూడా వేసుకున్నాం. అది ఎక్కడికీ పోదు. కానీ పేరు రాని దర్శకులు తీసి, మూడు వారాలు ఆడి వెళ్ళిపోయిన డెబ్బైల నాటి తెలుగు సినిమాల్లో చాలావాటికి ఇవాళ మనకి దొరికే రూపం ఏంటి? ఎప్పుడో వేసిన వీసీడీ నుంచి ఎక్కించిన మసక యూట్యూబ్ వీడియో. మూలన చానల్ లోగో, అంచులు కోసేసిన ఫ్రేము, సగంలో తెగిన పాట. వాటిని చూసి నవ్వుకుంటాం, కామెంట్లు పెడతాం. ఆ లింకు ఒకరోజు పనిచేయకపోతే ఇంకో కాపీ ఎక్కడుందో అడగడానికి మనకి మనిషి కూడా తెలీదు.

హార్లెమ్ పెద్దాయన ఈ సినిమాని గొప్పదనుకుని దాచాడో లేదో నాకు అనుమానమే. ఆయన దగ్గర 2,000 డబ్బాలున్నాయి, అందులో ఇదీ ఉంది. ఏది పనికొస్తుందో ముందే తేల్చుకుని దాచేవాళ్ళ దగ్గర ఇది మిగిలేది కాదు.