కలం ఆగిన చోట

శ్రీకాళహస్తి కలంకారీలో చెరిపి మళ్లీ గీయడం అనేది బొగ్గుతోనే సరి. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మను లేతగా గీసుకుంటారు. అది నచ్చకపోతే గుడ్డను దులిపేస్తే పోతుంది. నల్లరంగులో కలం ముంచాక ఆ వెసులుబాటు ఉండదు. కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరవేసిన గుడ్డ అది. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో వేసి, రోజుల తరబడి పులియబెట్టి తీసిన ద్రవం ఆ రంగు. కుండలో ఉన్నంతసేపు దానికి పెద్దగా నలుపు ఉండదు. గుడ్డలోని కరక్కాయ వగరుకు ఇనుము తగిలాకే నలుపు పుడుతుంది, అదీ నూలు పోగు లోపల. పైన పూసిన రంగైతే గీకవచ్చు, కడగవచ్చు. పోగులో పుట్టిన నలుపును ఏం చేయగలం?

ఇక కలం. వెదురు పుల్లను మొన వచ్చేలా చెక్కి, మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ఉన్ని రంగును పీల్చి పట్టుకుంటుంది. వేళ్లతో నొక్కే కొద్దీ మొనకు దిగుతుంది. చేయి కదులుతున్నంతసేపూ గీత సాఫీగా సాగుతుంది. తటపటాయించి ఆగిందా, ఆగిన చోట రంగు దిగి చుక్క కడుతుంది. పాలలోని కొవ్వు దాన్ని మరీ పాకనివ్వదు కానీ మచ్చ మచ్చే. ఈ పనిముట్టు గురించి ఎప్పుడు ఆలోచించినా నన్ను ఆశ్చర్యపరిచేది ఇదే. ఎక్కడ తప్పు పడుతుందోనని చేయి వణికితే, ఆ వణుకే తప్పును గుడ్డ మీదికి దింపుతుంది. ధైర్యంగా గీసిన గీత ఒక్కోసారి దారి తప్పవచ్చు. భయపడుతూ గీసిన గీత మాత్రం అడుగడుగునా మచ్చ పడుతూనే సాగుతుంది.

పడిన చుక్కతో ఏం చేయాలన్నది అసలు విద్య. రాముడి భుజం మీద పడితే దాన్ని భుజకీర్తిలో పూసగా తిప్పుకోవచ్చు. అయితే ఒక భుజానికి పూస వచ్చాక రెండో భుజానికీ రావాలి. రాముడికి వచ్చాక పక్కనున్న లక్ష్మణుడి నగలు బోసిగా కనిపిస్తాయి. ఖాళీ జాగాలో పడితే అది మొగ్గ కావచ్చు, కానీ మొగ్గకు కాడ ఉండాలి, కాడకు ఆకులుండాలి, ఆ తీగ ఎక్కడి నుంచో వచ్చి ఎక్కడికో పోవాలి. ఒక్క చుక్కకు చోటివ్వడానికి బొమ్మంతా కాస్త సర్దుకుంటుంది. పొద్దున బొగ్గుతో గీసుకున్న రాముడు సాయంత్రానికి మరొక రాముడవుతాడు. ముందే అనుకున్నదాన్ని ఉన్నదున్నట్టు గుడ్డ మీదికి దించడం కంటే, గుడ్డ అడిగినదానికి ఇలా బదులివ్వడంలోనే కళాకారుడి మనసు నాకు ఎక్కువగా కనిపిస్తుంది.

తప్పుల్ని ఆదరించాలనే మాట ఈ మధ్య మరీ తేలిగ్గా వినిపిస్తోంది. అందుకే పటిక సంగతి కూడా చెప్పాలి. ఎరుపు రావలసిన చోట ముందు పటిక నీళ్లు అద్దుతారు. తర్వాత గుడ్డను ఎర్రరంగు నీళ్లలో మరిగిస్తే పటిక తగిలిన చోటే ఎరుపు గట్టిగా నిలుస్తుంది. మరిగించే ముందు గుడ్డను పారే నీటిలో ఉతికి ఎక్కువైన పటికను వదిలించాలి. స్వర్ణముఖి ఒడ్డున ఈ పని వేళ్లూనుకోవడానికి ఆ పారే నీరూ ఒక కారణం. ఉతకడంలో బద్ధకిస్తే పటిక పక్కకు పాకి, ముఖాల మీదా, తెల్లగా ఉండాల్సిన జాగాల్లోనూ ఎరుపు తేలుతుంది. దీన్ని కళగా మార్చుకోమని నేను చెప్పలేను. చేయి జారడం వేరు, చేయవలసిన పని ఎగ్గొట్టడం వేరు. మొదటిదానికి బొమ్మలో చోటు దొరుకుతుంది. రెండోది బొమ్మనే పాడుచేస్తుంది.

తైలవర్ణాలతో గీసేవాళ్లకు ఈ బాధ లేదనిపిస్తుంది. తప్పు మీద ఇంకో పూత వేస్తే చాలు కదా! మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో, వెలాస్కెత్ 1630లలో గీసిన నాలుగో ఫిలిప్ రాజు అశ్వారూఢ చిత్రం ఉంది. అందులో గుర్రం వెనక కాళ్ల దగ్గర, చిత్రకారుడు మొదట గీసి తర్వాత మార్చుకున్న కాళ్ల జాడలు కనిపిస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ తైలవర్ణం పూత పలచబడినట్టు పారదర్శకమవుతుంది, కింద దాచింది పైకి తేలుతుంది. ఆ జాడల వల్ల చిత్రం స్థాయి తగ్గిందని నాకనిపించదు. అంతటి చేయి కూడా కాలు ఎక్కడ పెట్టాలో వెతుక్కుందని తెలిస్తే ఆ గుర్రం మీద ప్రేమ పెరుగుతుంది.

శ్రీకాళహస్తిలో ఈ విద్య ఒకప్పుడు దాదాపు అంతరించిపోయే స్థితికి వచ్చింది. 1950లలో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ మొదలైంది, జొన్నలగడ్డ లక్ష్మయ్య గురువుగా నిలిచారు. ఆయన కుమారుడు గుర్రప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఈ కథలో నేను ఎక్కువగా తలచుకునేది పేరులేని శిష్యుల్ని. కొత్త చేతికి కలం ఇచ్చినవారికి మచ్చలు పడతాయని తెలుసు. అవి చెరగవనీ తెలుసు. గుడ్డ పాడవుతుందని కలం ఇవ్వకుండా ఉంటే ఈ విద్య ఆ ఒక్క తరంతోనే ఆగిపోయేది.

ఇప్పుడు కలంకారీ పేరుతో యంత్రం అచ్చువేసిన గుడ్డలు బజారు నిండా ఉన్నాయి. అచ్చులో లోపం ఉంటే అది ప్రతి నెమలికీ అదే రెక్క మీద, అదే చోట వస్తుంది. చేత్తో గీసిన గుడ్డలో రెండు నెమళ్లు ఎప్పుడూ ఒకేలా ఉండవు. అచ్చుకు అలవాటుపడిన కళ్లతో చేతిపనిని చూసేవాళ్లు, గీత కాస్త లావెక్కిన చోట వేలు పెట్టి చూపించి ధర తగ్గించమంటారు. నాకు కష్టంగా ఉంటుంది. ఆ లావును కాడగా మలిచి, దానికి ఆకులు తొడిగి, తీగను అంచుదాకా నడిపించిన చేయి అక్కడ బొమ్మలో మరెక్కడా పడనంత శ్రమ పడి ఉంటుంది. ఆ శ్రమకు ధర పెంచి అడిగే హక్కు గీసినవారికి ఉంది, వాళ్లు అడగరు.