వెనక వరసకి కబురు

తిరుపతి, 17 నవంబరు 2025, రాత్రి

నాన్నా,

ఫోన్లో నువ్వు "ఆ, ఆ" అంటావు గానీ సగం వినపడదని నాకు తెలుసు. అందుకే కాగితం. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది ఉంచు, వచ్చాక గుంజీలు తీస్తాను.

రైలు దిగగానే ఆటో అతనితో పేచీ. సంచీలోంచి సీపీఆర్ బొమ్మ తల బయటికి కనిపిస్తోంది. "ఇద్దురికి మున్నూరు" అన్నాడు. రెండో మనిషి ఎవరయ్యా అంటే సంచీ చూపించాడు. అది బొమ్మ, దానికి కాళ్లూ చేతులూ కూడా లేవన్నాను. "కాళ్లు లేకుంటే ఇంకా కష్టం మేడం, మనమే ఎత్తి పెట్టాల గదా!" స్టేషన్ బయట జనం చుట్టూ చేరి తీర్పు చెప్పడం మొదలుపెట్టాక నూటయాభైకి తెగింది. దిగేటప్పుడు ఆ బొమ్మ ఎందుకని అడిగాడు. గుండె ఆగిపోయిన మనిషికి ఛాతీ మీద ఎట్లా నొక్కాలో నేర్పడానికని చెప్పాను. "మా అన్నకి గుండె జబ్బు మేడం, రేపు పంపిస్తా" అన్నాడు. నేర్చుకోవాల్సింది ఆయన కాదయ్యా, నువ్వు అన్నాను.

కార్తీకంలో ఆఖరి సోమవారం కదా, కపిలతీర్థం దారంతా దీపాలే. ముక్కు కారుతూ ఉంటే ఏం చూస్తాను, రూముకొచ్చి పడ్డాను. రేపు ఈ బొంగురు గొంతుతోనే రద్దీలో జరిగే ప్రమాదాల గురించి పాఠం చెప్పాలి. తమ్ముడి పెళ్లిచూపులు ఏమయ్యాయి? అక్కడ కూడా ఫోన్లో తలపెట్టి కూర్చున్నాడా?

తిరుమల, 19 నవంబరు

నాన్నా,

అలిపిరి తనిఖీలో మళ్లీ బొమ్మతోనే పేచీ వచ్చింది. స్కానర్ తెర మీద తల, ఛాతీ, మధ్యలో స్ప్రింగు. తెర ముందున్న కుర్రాడు ఆపి ఇంకొకరిని పిలిచాడు. ఆ వచ్చినాయన సంచీ విప్పమన్నాడు. అక్కడే మోకాళ్ల మీద కూర్చుని, నిమిషానికి నూరు నుంచి నూట ఇరవై సార్లు, అయిదు సెంటీమీటర్ల లోతున ఇట్లా నొక్కాలండీ అని చూపించాను. వెనకున్న ముసలావిడ "పాపం, ఎవురికేమైంది?" అంటూ గోవింద కొట్టింది.

పైన మంచు, సన్న చినుకు. 2021లో సరిగ్గా ఈ రోజుల్లోనే కొండ మీది వాన కపిలతీర్థం మీదుగా ఊళ్లోకి దూకింది. ఆ డిసెంబరు 1న పైకెళ్లే ఘాట్ రోడ్డు మీద బండ విరిగిపడింది. మలుపు తిరిగినప్పుడల్లా కిటికీలోంచి పైకి చూడటం నాకు వృత్తి జబ్బు. 28 నిమిషాలకంటే ముందు ఏ బండీ పైకి చేరకూడదని ఇక్కడ నియమం. నీకు నచ్చుతుందని రాస్తున్నాను.

దర్శనం బాగా జరిగింది. మీ ఇద్దరి పేర్లూ చెప్పాను.

ఇక నీతో తెగని తగాదా. ఈ జనవరి 8 రాత్రి బైరాగిపట్టెడలో ఏం జరిగిందో ఈ ఊరివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. వైకుంఠద్వార దర్శనం టోకెన్లు మర్నాడు తెల్లవారుజామున ఇస్తారంటే ముందురోజే జనం చేరిపోయారు, పద్మావతి పార్కులో కూర్చోబెట్టారు. ఒకావిడకి నలతగా ఉందని గేటు తీస్తే, టోకెన్లకి వదులుతున్నారనుకుని అందరూ ఒక్కసారిగా కదిలారు. ఆరుగురు పోయారు. పేపరు మడిచి పెట్టి నువ్వన్నావు, "మనవాళ్లకి క్రమశిక్షణ లేదమ్మా" అని. ఈ నెల మొదట్లో కాశీబుగ్గ గుడి తొక్కిసలాటలో తొమ్మిదిమంది పోయినప్పుడూ అదే మాట.

నిన్న తరగతిలో ముగ్గుపిండితో మీటరు పొడవు, మీటరు వెడల్పు గడి గీయించాను. నలుగురు నిలబడేదాకా ఒకటే నవ్వులు. అయిదో మనిషి దూరేసరికి భుజాలు తగిలాయి. ఆరో మనిషితో చేతులు పైకి లేవడం లేదు. ఏడోవాడు మన ఆటో అతనే, ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. అప్పుడు వెనకనుంచి ఒక్క వేలితో కొంచెం ఒత్తాను. ముందున్న లాడ్జి అమ్మాయి గీత దాటి వచ్చేసింది. "ఎవురు తోసినారు?" అని గదమాయించింది. నేను కాదంటే నేను కాదన్నారు. ఒక్కరూ అబద్ధం ఆడలేదు నాన్నా. అంత ఇరుకులో ఎవరి కాళ్లూ ఎవరి మాటా వినవు. ఛాతీ విచ్చుకునే చోటు లేక నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఊపిరాడక పోతారు. మోచేతులు మడిచి ఛాతీకి అడ్డం పెట్టుకోవాలి. చెప్పు జారినా, ఫోన్ పడినా వంగకూడదు. ఎదురు తొయ్యకుండా, ఊపు ఆగినప్పుడల్లా ఏటవాలుగా అంచుకి జరగాలి. ఇదంతా జనానికి చెప్పాల్సింది. జనాన్ని నిలబెట్టేవాళ్లకి చెప్పాల్సింది వేరే ఉంది.

దాన్ని ఆ లాడ్జి అమ్మాయే తోడింది. "అట్లయితే ఆయమ్మకి బాగలేకుంటే గేటు తియ్యకూడదా మేడం?" తియ్యాలి. జబ్బు చేసినవాళ్లకని పక్కన వేరే గేటు ముందే పెట్టుకోవాలి. తీసేముందు ఎందుకు తీస్తున్నామో మైకులో చెప్పాలి, అది ఆఖరి వరసకి వినపడాలి. ముందు ఏం జరిగిందో వెనకున్నవాడికి కనపడదు, గేటు కదలడం ఒక్కటే కనపడుతుంది. పాకాల నుంచి వచ్చే పెద్దావిడ కలగజేసుకుంది. "అరవంలో గూడా చెప్పాల. వొచ్చేటోళ్లలో ఆ పక్కోళ్లు ఎంతమంది ఉండారు!" వెంటనే నోట్సులో ఎక్కించాను. వచ్చే బ్యాచ్‌కి అది నా పాఠంలో మొదటి వాక్యం.

ఇవాళ తేదీ నీకు గుర్తు చెయ్యక్కర్లేదు. 1977 తుఫానుకి దివిసీమలో పాలకాయతిప్ప మీదికి సముద్రం వచ్చిన రోజు. ఏటా నువ్వు చెప్పేది ఒకటే: "ఫలానా వేళకి వస్తుందని మాకు చెప్పిన నాథుడు లేడు." మరి దివిసీమవాళ్లు క్రమశిక్షణ లేకే పోయారా నాన్నా? ఈ వాక్యం నిన్ను నొప్పిస్తుందని తెలుసు. అయినా కొట్టెయ్యడం లేదు.

తిరుపతి స్టేషన్, 20 సాయంత్రం

నాన్నా,

బండి ఆలస్యం. వాన. ఒళ్లు తేలికపడింది, దానికి కారణం మాత్ర కాదు, సంగటి.

పాకాల ఆవిడ ఇవాళ నా కోసం క్యారియర్ తెచ్చింది. రాగి సంగటి ముద్ద, లోపల అక్కడక్కడ అన్నం మెతుకు తగులుతోంది. దాంతో ఊరిబిండి, వంకాయ పులుసు, పచ్చి ఎర్రగడ్డ. ముద్ద మధ్యలో బొటనవేలితో గుంట చేసి నెయ్యి పోసింది. నేను మర్యాదగా నమలబోతే చెయ్యి పట్టుకుంది. "నమలద్దు తల్లీ, పులుసులో పొర్లించి మింగు." మూడో ముద్దకి గానీ గొంతు ఒప్పుకోలేదు. ఊరిబిండిలో చెనిక్కాయలు వేయించి, ఎండుమిరపకాయలు, చింతపండు వేసి రోట్లో నూరిందట. మిక్సీలో వేస్తే అది ఊరిబిండే కాదని తీర్మానించింది. ముక్కు, కళ్లు, చెవులు అన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. గుంటూరు కారం అని మనం చెప్పుకునే గొప్పలు ఇక నా దగ్గర సాగవు. నేను తింటున్నంతసేపూ ఆవిడ నా ముఖమే చూస్తూ, మా ఇంట్లో ఎవరు వండుతారని అడిగింది. మా నాన్న అన్నాను. నమ్మలేదు.

ఆటో అతను బొమ్మ మీద నిమిషానికి నూటనలభై దాకా కొట్టాడు. కొంచెం నెమ్మదయ్యా అంటే, ఆటో గూడా అట్లే తోలతా మేడం అన్నాడు. చివరికి నూటపదికి దిగాడు, లోతు మాత్రం బాగా కుదిరింది. స్టేషన్‌కి దించి మళ్లీ నూటయాభై అడిగాడు. గురుదక్షిణ లేదా అంటే, చదువు వేరే, కిరాయి వేరే అన్నాడు. ఇచ్చేశాను.

తిరుచానూరులో పంచమీ తీర్థం దాకా ఉండమన్నావు. ఆ రోజు పుష్కరిణి దగ్గర నేను దేవుణ్ణి చూడను, గేట్లు ఎన్నున్నాయో చూస్తాను. అందుకే వచ్చేస్తున్నాను.

తమ్ముడికి అమ్మాయి నచ్చిందని మెసేజ్ వచ్చింది. అమ్మాయికి వీడు నచ్చాడో లేదో రాయలేదు, కనుక్కో. లడ్డూలు తెస్తున్నాను. అందులో రెండు ఎదురింటివాళ్లవి, ముందే చెప్తున్నాను. నీ వాటా షుగరు రిపోర్టు చూశాకే.