పేరుకే నెల్లూరు పులుసు

నెల్లూరులో ట్రంకు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక వీధిలో ఉంది ఆ హోటలు. అద్దాల తలుపులు, ఏసీ హాలు, గోడ నిండా పెన్నా నది ఫోటో. బయట బోర్డు మీద మట్టిచట్టి, అందులో నూనె తేలిన చేపల పులుసు, పైన మామిడికాయ ముక్కలు. నాతో వచ్చిన మిత్రుడిది బుచ్చిరెడ్డిపాళెం. బోర్డు చూసి కాస్త తటపటాయించాడు. "పులుసు కోసం హోటలుకు పోయేదేందన్నా? మా ఇంటికి రారాదా?" అన్నాడు. ఆ మాట వినాల్సింది. కానీ హైదరాబాదులోనూ చెన్నైలోనూ నెల్లూరు మెస్‌లలో తిన్న ఈ వంటను దాని సొంతూరి హోటల్లో తినాలని నాకు చాన్నాళ్లుగా కోరిక.

మెనూ కార్డు పెళ్లి ఆల్బమంత మందంగా ఉంది. తందూరీ, చైనీస్, మొగలాయి, నాలుగు పేజీల బిర్యానీలు. చేపల పులుసు ఎక్కడో చివర, అపోలో ఫిష్ కింద దొరికింది. బేరర్ కుర్రాడు ఉత్సాహంగా, "మా దగ్గర స్పెషలే అది సార్" అన్నాడు. చెప్పిన పది నిమిషాల్లోపే తెచ్చి పెట్టాడు. అంత తొందరగా రావడం నాకు మంచి సూచనే అనిపించింది. ముందే వండి నిలవ పెట్టిన పులుసు అయితేనే కదా వెంటనే వచ్చేది అనుకున్నాను.

గరిటెతో కలపగానే సంగతి అర్థమైంది. పులుసు జారడం లేదు. చిక్కగా, తియ్యగా, టమాటా వాసనతో ఉంది. దాని మీద గరం మసాలా. పులుపు నాలుక చివర తగిలి అక్కడే ఆగిపోయింది. ముక్కలు నాలుగు పలకలుగా కోసినట్టున్నాయి. ముల్లు లేదు, తోలు లేదు. విరిస్తే లోపల తెల్లగా, చప్పగా ఉన్నాయి. ఉప్పూ కారమూ పైపొర దాటి లోపలికి పోలేదు. మామిడికాయ ముక్క ఒక్కటీ లేదు. అన్నం కూడా బాసుమతి. పొడవాటి మెతుకులు దేనికది విడిపోయి, పులుసును పట్టుకోలేదు. ఒకప్పుడు మొలగొలుకులకు పేరుపడ్డ జిల్లా ఇది. ఆ పాత వంగడం ఇప్పుడు అరుదైతే కావచ్చు, ఊళ్లోని వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన నెల్లూరు మసూరి అయినా పెట్టొచ్చు కదా అని మిత్రుడు బాధపడ్డాడు.

ఈ పులుసు వండటంలో పెద్ద విద్య ఏమీ లేదు, ఓపిక ఉంది. చింతపండు రసం, కారం, ఉప్పు, ఉల్లిపాయ కలిపి ముందు పులుసు మరిగించాలి. చేప ముక్కలు చివర్లో వేయాలి. చేప కండ మేక మాంసంలా గట్టి నారతో ఉండదు, కొద్ది నిమిషాల్లోనే ఉడుకుతుంది. ఆపైన గరిటె పెట్టకూడదు. చట్టిని రెండు చేతులతో పట్టుకుని తిప్పాలి, లేకపోతే ముక్క చెదిరిపోతుంది. మెంతులు, ఆవాలు వేయించి కొట్టిన పొడి చల్లి దించాలి. అక్కణ్ణుంచి పని కాలానిది. రాత్రంతా ఉంటే ఉప్పూ పులుపూ మెల్లగా ముక్క లోపలికి దిగుతాయి. తోలు నుంచి, తలకాయ నుంచి, ముళ్ల నుంచి వచ్చే జిగురుతో పులుసు దానంతట అదే చిక్కబడుతుంది. అందుకే నెల్లూరు ఇళ్లలో ఈరోజు వండింది రేపటికి. కొరమీనైనా బొచ్చెయినా సముద్రపు వంజరమైనా ఈ పద్ధతిలో మార్పు లేదు.

భోజనం సగంలో ఆపి, వంటగది చూడొచ్చా అని మేనేజరును అడిగాను. ఆయన పెద్దమనిషి, నొచ్చుకోకుండా తీసుకెళ్లాడు. వంటగది శుభ్రంగా ఉంది, అది చెప్పి తీరాలి. పొయ్యిల పక్కన మూడు పెద్ద స్టీలు గిన్నెలు: ఎర్ర గ్రేవీ, తెల్ల గ్రేవీ, పసుపు గ్రేవీ. పన్నీరు కూరకైనా, కోడికూరకైనా, మా పులుసుకైనా పునాది వాటిలోంచే. డబ్బాలో కొన్న చింతపండు గుజ్జు, పక్కనే కార్న్‌ఫ్లోర్. డీప్ ఫ్రీజర్‌లో ముల్లు తీసిన బాసా ముక్కల ప్యాకెట్లు. దేశంలో చేపల ఉత్పత్తిలో మొదటి స్థానం మన రాష్ట్రానిది. ఊరికి తూర్పున మైపాడు తీరం, చుట్టూ చెరువులు. అలాంటి చోట గడ్డకట్టిన ముక్క కరిగి, నీరు కారి, వేపుడు నూనెలో ఒకసారి మునిగి, ఎర్ర గ్రేవీలో పడి నా కంచంలోకి వచ్చింది.

వండిన మాస్టరు ఒడిశా నుంచి వచ్చిన యువకుడు. ఈ పులుసు ఇంట్లో చేస్తే ఎలా ఉంటుందో అతను ఎన్నడూ రుచి చూడలేదట. రద్దీ వేళ ఒకేసారి పాతిక రకాలు అడుగుతారని, ఉన్నదల్లా ఇద్దరు చేతిసాయం మనుషులని చెప్పాడు. తప్పు అతనిది కాదు. ఆ మందపాటి కార్డుది. అన్ని వంటలు పది నిమిషాల్లో ఇస్తామని మాటిచ్చిన హోటలు ఒక రాత్రి ఆగాల్సిన వంటను ఎలా చేయగలదు?

మేనేజరు తన ఇబ్బంది తాను చెప్పాడు. నిన్నటి కూర పెడితే తనిఖీకి వచ్చినవాళ్లు ఊరుకోరన్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది కానీ ఒప్పుకోలేను. వండిన పులుసును త్వరగా చల్లార్చి, 5 డిగ్రీలు దాటకుండా ఫ్రిజ్‌లో ఉంచి, తారీఖు రాసిపెట్టి, మర్నాడు అవసరమైనంత మాత్రమే బాగా మరిగించి వడ్డించవచ్చు. మిగిలింది మళ్లీ వేడి చేయకుండా ఉంటే చాలు.

బిల్లులో పది శాతం సేవా రుసుము ముందే కలిపేశారు. హోటళ్లు దాన్ని అలా తప్పనిసరిగా వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. ఆ మాట చెప్పగానే తీసేశారు. తీయకపోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. బేరర్ కుర్రాడికి ఇవ్వాల్సింది మేమే చేతికిచ్చాం.

ఆ హోటలుకు వెళ్లమని నేనెవరికీ చెప్పను. నెల్లూరు పేరు మీద వ్యాపారం చేసే యజమానులకు మాత్రం ఒక విన్నపం. రోజుకు ఒక్క చట్టి వండండి, ముందురాత్రే వండండి, ఏ చేపో పలక మీద రాయండి. వండటానికి ఈ ఊరి ఆడవాళ్లలో చేయి తిరిగినవాళ్లను మంచి జీతమిచ్చి పిలవండి. చట్టి ఖాళీ అయితే అయిపోయిందని చెప్పండి, మేం మర్నాడు వస్తాం. తినేవాళ్లు కూడా ఆర్డరు ఇచ్చేముందు రెండు ప్రశ్నలు వేయాలి: ఏ చేప, ఎప్పుడు వండారు? సరైన జవాబు రాకపోతే పప్పు, చారు చెప్పుకోండి.