బండలు పగలగొట్టిన వాళ్లు

చరిత్రను చూచి రావడమంటే రాజులను చూచి రావడమే అన్న అభిప్రాయం మన పాఠ్యగ్రంథాలు పెట్టిన భిక్ష. ఆ మధ్య ఒక ఆదివారం బోగోలునుంచి అయిదుగురు విద్యార్థులతో ఉదయగిరి వెళ్లినప్పుడు అది నాకు మరీ స్పష్టంగా కనుపించింది. కావలి మీదుగా పడమటికి బస్సు ప్రయాణం. దాన్ని గురించి చెప్పవలసిందేమీ లేదు, చాలాదూరం నిలబడి వెళ్లామన్నది తప్ప.

కొండమీద బురుజులు కూలి ఉన్నాయి. గుడీ, మసీదూ రెండూ కంపచెట్ల పాలయ్యాయి. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని 1513లో కృష్ణదేవరాయలు ముట్టడించాడు. 1514లోగాని అది లొంగలేదు. గజపతి బంధువు తిరుమల రౌతరాయడు బందీ అయినాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు తీసుకుపోయి, హంపీలో గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఇంతవరకు మా పిల్లలకు కంఠతా వచ్చు.

ఎక్కుతూ ఎక్కుతూ ఒక విద్యార్థిని ఆగిపోయి, "ఇంత నిట్టకొండ, సైన్యం ఎట్టెక్కింది మాస్టారూ?" అన్నది.

జవాబు నూనిజ్ రాతలో ఉంది. 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడతను. కొండకు ఉన్నది ఒకే ఇరుకుదారి అనీ, రాజు పెద్ద పెద్ద బండలు పగలగొట్టించి, వెడల్పయిన బాటలు వేయించి బురుజుల దాకా చేరాడనీ, ముట్టడి ఏడాదిన్నర సాగిందనీ రాశాడు. పగలగొట్టించింది రాజు, సరే. పగలగొట్టింది ఎవరు? కూలి ఇచ్చారా, వెట్టి చేయించారా? బండ దొర్లి ఎందరు పోయారు? గుడికి దానమిచ్చిన వాళ్ల పేర్లకు దొరికిన రాయి వీళ్ల పేర్లకు దొరకలేదు.

ఉదయగిరి లొంగిన ఏడేళ్లకు, 1521లో, మెక్సికోలో టెనోచ్‌టిట్లాన్ నగరాన్ని స్పెయిన్ సేనలు ముట్టడించి కూల్చాయి. ఆ శిథిలాలమీద లేచిన నగరంలో, నేషనల్ పాలెస్ గోడలమీద డియెగో రివేరా 1929లో బొమ్మలు మొదలుపెట్టాడు. బరువులు మోసినవాళ్లూ, కొరడాదెబ్బలు తిన్నవాళ్లూ అక్కడ గోడనిండా ఉన్నారు. మార్క్సు కూడా ఉన్నాడు. మన జిల్లాలో అటువంటి గోడ నేను చూడలేదు.

రాయల తర్వాత గోల్కొండవాళ్లు, ఆర్కాటు నవాబు ఇచ్చిన జాగీరు, చివరకు కుట్రనేరంతో 1839లో చెంగల్పట్టుకు చేరిన జాగీర్దారు. వీళ్లంతా పోయారు. ఊళ్లో చెక్క గరిటెలు చేసేవాళ్లు మాత్రం ఉన్నారు. ఒక ఇంటి అరుగుమీద ఆకురాయితో గరిటె నునుపుచేస్తున్న ఆమె మమ్మల్ని చూచి నవ్వింది.

"మేం కట్టెకోసం కొండెక్కేవాళ్లం. మీరు రాళ్లకోసం ఎక్కినారా, అబ్బయా!"

తిరుగు ప్రయాణంలో, మన ఊళ్లో చూడవలసిందేముందని మాట వచ్చింది. బోగోలువాళ్లకు రైలెక్కే స్టేషను బిట్రగుంట. ఆవిరి ఇంజన్ల రోజుల్లో మద్రాసు–బెజవాడ దారిలో అది పెద్ద లోకోషెడ్డు. 1980నాటికి ఆ దారికి కరెంటు వచ్చింది, ఆవిరి షెడ్డు పని ముగిసింది.

"మా తాత అక్కడ ఫైర్‌మను, మాస్టారూ. 1974 సమ్మెలో ఉన్నాడు. బొగ్గు ఎట్ట వేసేదీ, రాత్రిళ్లు కళ్లు ఎట్ట మండేదీ ఎవురడిగినా చెప్తాడు. ఎవురూ అడగరు," అన్నది ఆ పిల్లే.

వచ్చే ఆదివారానికి బస్సు అక్కరలేదు.